రెండింటికీ పనికొచ్చే కార్డు

ఆ ఇంట్లో కంప్యూటర్ని అందరూ చిన్నోడి కంప్యూటర్ అనేవాళ్ళు. కొన్నది మాత్రం వదిన. స్టూడియోవాళ్ళకి వీడియోలు ఎడిట్ చేసిపెట్టి, డబ్బు వచ్చినప్పుడల్లా ఒక్కో భాగం కొని పోగుచేసుకుంది. హాల్లో పెడితే టీవీకి అడ్డమని అత్తగారు అన్నారు. పడకగదిలో పెడితే నిద్ర చెడుతుందని భర్త అన్నాడు. చివరికి అది మరిది గదిలో స్థిరపడింది. వస్తువు ఎవరి గదిలో ఉంటే వాళ్ళదైపోవడం ఇళ్ళల్లో మామూలే. చుట్టాలెవరైనా వస్తే అత్తగారు ఆ గది తలుపు తీసి "మా చిన్నోడి కంప్యూటర్" అని మురిసిపోతూ చూపించేవారు. వదిన మంచినీళ్ళ గ్లాసులు పట్టుకుని వెనకాలే నిలబడి వినేది.

మరిది కాలేజీకి వెళ్ళాక వదిన ఆ గదిలోకి వెళ్ళేది. మంచం మీది తువ్వాలు తీసి దండెం మీద వేసి, కీబోర్డు మీద పడ్డ చిప్స్ ముక్కలు దులిపి, అప్పుడు పనికి కూర్చునేది. సాయంత్రం వాడు గుమ్మంలో నిలబడి, భుజం మీది సంచీ దించకుండానే "అయిందా వదినా?" అనేవాడు. ఆన్‌లైన్ ఆటలో వాడో జట్టుకి నాయకుడు. ఆ జట్టు కుర్రాళ్ళు వాణ్ణి కెప్టెన్ అంటారు. కెప్టెన్ రాకపోతే ఆట మొదలవదు. అందుకని, అయినా కాకపోయినా, వదిన సేవ్ చేసి లేచేది.

ఆ సోమవారం మధ్యాహ్నం ఆమె ఒక పెద్దాయన మోకాలి దగ్గర తంటాలు పడుతోంది. ఫిజియోథెరపీ ఆసుపత్రివాళ్ళు, రోగులు ఇంట్లో చూసి చేసుకోవడానికి వ్యాయామ పాఠాలు తీయించారు. పెద్దాయన కాలు పైకెత్తుతూ ఒకచోట నొప్పికి ముఖం చిట్లించాడు. ఆ చిట్లింపు కోసెయ్యమన్నారు ఆసుపత్రివాళ్ళు. కోయకూడదని వదిన. ఆయనకీ నొప్పెట్టిందని, అయినా కాలు దించలేదని చూస్తేనే కదా, ఇంట్లో ఒంటరిగా చేసుకునేవాళ్ళకి ధైర్యం. ఒక్కో ఫ్రేము ముందుకీ వెనక్కీ జరుపుతూ, ముఖం చిట్లించిన తర్వాత ఆయన చిన్నగా నవ్విన చోటు కూడా దొరికిందని సంబరపడుతుండగా తెర మీద ఆకుపచ్చ గీతలు పడ్డాయి. ఆ వెంటనే నల్లబడింది.

డబ్బా పక్క రేకు విప్పి చూస్తే కాలిన వాసన. తెర మీద బొమ్మలు నడిపించే గ్రాఫిక్స్ కార్డు మీది ఫ్యాను తిరగడం లేదు. వేలితో తోస్తే ఒక చుట్టు తిరిగి ఆగిపోయింది.

"కార్డు పోయింది వదినా. దాని రోజులెప్పుడో అయిపోయాయి," అన్నాడు మరిది సాయంత్రం వచ్చి చూసి. గొంతులో విచారం ఉంది గానీ, కళ్ళు మాత్రం పండగ చేసుకుంటున్నాయి.

వదిన స్టూడియో ఆయనకి ఫోన్ చేసి చెప్తే, ఆయన గడువు గుర్తుచేశాడు. "అమ్మా, శుక్రవారం పొద్దున ఆసుపత్రివాళ్ళకి చూపించాలి. మీ చేతి కోతే కావాలని వాళ్ళకి చెప్పి ఒప్పించాను. మీవల్ల కాదంటే ఇప్పుడే చెప్పెయ్యండి, ఇంకో అతనికి ఇస్తాను. ఏమనుకోకండి. ఒకసారి అతనికిస్తే మిగతా పాఠాలు కూడా అతనికే వెళ్తాయి మరి."

"నావల్లే అవుతుంది," అంది వదిన. ఎలా అవుతుందో అప్పటికి ఆమెకీ తెలీదు.

భోజనాల దగ్గర ఇంటిల్లిపాదీ ఆ కార్డు గురించే మాట్లాడుకున్నారు. "చిన్నోణ్ణి తీసుకెళ్ళమ్మా, వాడికైతే ఇవన్నీ కొట్టినపిండి," అన్నారు అత్తగారు. "వాడు చూసుకుంటాడులే. నువ్వు డబ్బు పట్టుకెళ్ళు, చాలు," అన్నాడు భర్త, పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుంటూ. డబ్బు పట్టుకెళ్ళడానికి మనిషెందుకు, సంచీ చాలదూ? వదినకి నోటిదాకా వచ్చింది. గడువు ముందు గొడవెందుకని మింగేసింది.

వడ్డన అయ్యాక మరిదిని పక్కన కూర్చోబెట్టుకుంది. "ఒరేయ్ కెప్టెన్, జాగ్రత్తగా విను. ఉన్న డబ్బు ఇంతే. ఇందులో నీ ఆటా ఆడాలి, నా పనీ జరగాలి. రెండింటికీ పనికొచ్చేది వెతుకు. మెమరీ కాస్త ఎక్కువుండాలి. ఎన్‌కోడర్ కచ్చితంగా ఉండాలి."

ఎన్‌కోడర్ అంటే మరేం కాదు, వీడియోని కుదించి మూటగట్టే పని కోసం కార్డులో విడిగా ఉండే భాగం. అది ఉంటే ఎడిట్ చేసిన వీడియో చకచకా ఫైలుగా బయటికొస్తుంది. లేకపోతే ఆ బరువంతా ప్రాసెసర్ నెత్తిన పడుతుంది, అది ఎద్దుబండిలా నడుస్తుంది.

"ఇప్పుడొచ్చేవాటిలో అన్నీ ఉంటాయి వదినా," అన్నాడు మరిది. ఫోన్లో కార్డులు ఒకదాని తర్వాత ఒకటి చూపించాడు. ఇది ఎరుపు, ఇది నలుపు, దీనికి రెండు ఫ్యాన్లు, దీనికి మూడు, దీనికైతే రంగురంగుల లైట్లు. ఏ కార్డు ఏ ఆటలో సెకనుకి ఎన్ని ఫ్రేములు చూపిస్తుందో గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. వాడి ఉత్సాహం చూసి వదినకి ముచ్చటేసింది. తనకి ఆటలు రావు. వాడికి ఎడిటింగ్ రాదు. అయినా ఇద్దరికీ ఒకే వస్తువు మీద ఆశ. ఈ ఇంట్లో తన పని గురించి పక్కన కూర్చుని మాట్లాడే మనిషి వీడొక్కడేనని కూడా అనుకుంది.

మర్నాడు కంప్యూటర్ షాపులో వదినకి స్టూలు వేశారు, మంచినీళ్ళిచ్చారు, మాట మాత్రం ఇవ్వలేదు. షాపాయన బల్లకి అవతల నిలబడి చెప్పేదంతా మరిదికే చెప్పాడు. వదిన "వీడియో ఎడిటింగ్‌కి..." అనబోతే, "ఉంటుందండీ" అని ఆమె వైపు తల తిప్పకుండానే అని, "చూడు బాస్, దీంట్లో నీ ఆట ఎలా పరిగెడుతుందో" అంటూ తెర అటు తిప్పాడు. తుపాకులు పేలుతున్నాయి, గోడలు కూలుతున్నాయి. మరిది ముఖం వెలిగిపోతోంది. బిల్లులు రాసే అమ్మాయొకతి గల్లాపెట్టె దగ్గర కూర్చుని గోళ్ళు చూసుకుంటోంది.

వదిన లేచి తెర దగ్గరికి వెళ్దామనుకునేంతలో స్టూడియో ఆయన ఫోన్. లోపల ఆ పేలుళ్ళలో వినబడక బయటికి వెళ్ళి, రోడ్డు పక్కన ఒక చెవి మూసుకుని మాట్లాడింది. ఆసుపత్రివాళ్ళు పాఠాల మొదట్లో తమ పేరు ఇంకాస్త పెద్దగా రావాలంటున్నారట. పెద్దది చేస్తే పెద్దాయన తల మీదికి వస్తుందని ఆమె నచ్చజెప్పి లోపలికి వచ్చేసరికి కార్డు పెట్టె సంచీలోకి ఎక్కేసింది.

"ఎన్‌కోడర్ సంగతి అడిగావా?"

"అన్నీ అడిగాను వదినా. రెండింటికీ బ్రహ్మాండంగా పనికొస్తుందంట."

వదిన డబ్బిచ్చింది.

బుధవారం అంతా ఆమెకి నరకం. మోకాలి పాఠం పూర్తిచేసి ఫైలు తీద్దామంటే, కార్డుతో తీసే ఆప్షన్ బూడిదరంగులో ఉంది. నొక్కితే పలకదు. ప్రాసెసర్ మీద తీస్తే, కాలిపోయిన పాత కార్డు రోజుల్లో వంట పూర్తయ్యేలోపు అయ్యే పని, ఇప్పుడు వంటై, గిన్నెలు తోమి, బట్టలు ఆరేసి వచ్చినా సగం దగ్గరే నడుస్తోంది. డబ్బా ఊరికే రొప్పుతోంది. కొత్త కార్డు మాత్రం తన నీలం లైట్లు వెలిగించుకుని పెళ్ళికొడుకులా కూర్చుంది.

సాయంత్రం మరిది వచ్చి వెనక నిలబడి చూశాడు. "డ్రైవర్ సరిగ్గా పడలేదేమో," అన్నాడు. కార్డుని నడిపించే ఆ ప్రోగ్రామ్ తీసి మళ్ళీ వేసింది. అదే బూడిదరంగు. "అయితే నీ సాఫ్ట్‌వేర్ పాతదయుంటుంది," అన్నాడు. అదీ తీసేసి, కొత్తది దింపుకుని, పోయిన సెట్టింగులన్నీ గుర్తుచేసుకుని మళ్ళీ పెట్టుకుంది. అదే బూడిదరంగు. "ఏమో వదినా, నువ్వే ఎక్కడో ఏదో నొక్కేసుంటావు. ఆటైతే చాలా బాగా ఆడుతోంది మరి," అన్నాడు. "పోనీ లే, కాసేపు నేను ఆడి చూస్తాను. కార్డులో తేడా ఉంటే తెలిసిపోతుంది."

ఆమె లేచింది. వాడు ఆడి చూశాడు. కార్డులో ఏ తేడా లేదని తేల్చాడు.

ఆ మాటతో వదిన మనసు చివుక్కుమంది. ఇన్నాళ్ళూ తనకి పని వచ్చని అనుకుంటోంది. ఏది నొక్కితే ఏమవుతుందో తెలుసనుకుంటోంది. ఒక కొత్త కార్డు రాగానే ఇలా చేతులు కట్టేసినట్టయిందంటే, తనకి వచ్చింది ఆ పాత కార్డుతో పనే తప్ప ఎడిటింగ్ కాదేమో. కూర తరుగుతూ కూడా ఎక్కడ ఏం తప్పు చేశానా అని మొదట్నించీ లెక్కేసుకుంది. రెండుసార్లు పొయ్యి కట్టెయ్యడం మర్చిపోయింది.

గురువారం పొద్దున, ఇంట్లో అలికిడి తగ్గాక, ఆమె చెయ్యాల్సిన పని చేసింది. అట్టపెట్టె మీది కార్డు పేరు చూసి, ఆ కార్డు తయారుచేసినవాళ్ళ వెబ్‌సైట్ తెరిచి, దాని వివరాలు మొదట్నించీ చివరిదాకా చదివింది. ఎన్‌కోడర్ అన్నచోట లేదని రాసుంది. ఉండీ పనిచేయకపోవడం కాదు, అసలు లేదు. లేనిదాన్ని ఏ డ్రైవరు మాత్రం ఎక్కణ్ణించి తెస్తుంది?

ముందు ప్రాణం లేచొచ్చినట్టయింది. తప్పు తనది కాదు. ఆ తర్వాత ఒళ్ళు మండిపోయింది. షాపువాడు నిలువునా మోసం చేశాడు. కాలేజీకి బయల్దేరుతున్న మరిదికి వీధి గుమ్మంలోనే చెప్పింది.

"అవునా? వాళ్ళంతే వదినా," అన్నాడు వాడు, బూటు లేసు కట్టుకుంటూ, తలెత్తకుండా. "విప్పిన పెట్టె తిరిగి తీసుకోరు. వెళ్ళి గొడవపడినా లాభం లేదు. వదిలెయ్."

"వదిలెయ్యడానికి అదేం ఊరికే వచ్చిన డబ్బు కాదు," అంది వదిన.

"పిల్లాణ్ణి మోసం చేసి అంటగట్టాడమ్మా ఆ దొంగ వెధవ," అని అత్తగారు అప్పటికే గోడ అవతలి ఆవిడకి చెప్తున్నారు.

వదిన స్క్రూడ్రైవర్ తీసుకుని కార్డు విప్పింది, అట్టపెట్టెలో పెట్టింది, బస్సెక్కింది. దారి పొడుగునా అనాల్సిన మాటలు పేర్చుకుంది. షాపు తెరిచి గంట కూడా అయ్యుండదు. షాపాయన బల్లలు తుడిపిస్తున్నాడు.

"ఏమండీ, చదువుకునే పిల్లాడని మోసం చేస్తారా?" పెట్టె బల్ల మీద పెట్టింది. గొంతు లేవలేదు, కానీ బల్లలు తుడిచే గుడ్డ ఆగిపోయింది. "వాడు ఎన్‌కోడర్ కావాలని అడిగితే, లేనిదాన్ని ఉందని చెప్పి అంటగట్టారు. నన్నంటే మీరు మనిషిగానే చూడలేదు, సరే. వాడు మిమ్మల్ని నమ్మి అడిగాడు కదా?"

షాపాయన పెట్టె వైపు, ఆమె వైపు చూశాడు. కోపం తెచ్చుకోలేదు. వింతగా చూశాడు.

"ఎవరమ్మా మోసం చేసింది? ఇందులో ఎన్‌కోడర్ ఉండదని ఆ అబ్బాయికి నేనే చెప్పాను. మీరు ఫోన్లో ఉన్నారు. ఎడిటింగ్‌కైతే ఇది వద్దు, పక్కది తీసుకోండి, అదీ ఇంతే ధర అని కూడా చెప్పాను."

"అబద్ధం," అంది వదిన.

"నాకేం అవసరమమ్మా? రెండూ నా సరుకే కదా." ఆయన గల్లాపెట్టె వైపు తిరిగాడు. "నువ్వూ ఉన్నావు కదమ్మా, చెప్పు."

బిల్లులమ్మాయి ఇబ్బందిగా కదిలింది. "చెప్పారు మేడం," అంది. చెప్పాలో వద్దో తేల్చుకుని మిగతాది కూడా చెప్పింది. "ఆ అబ్బాయి, పర్లేదు సార్, మా వదినకి తేడా తెలీదులే, అదే ప్యాక్ చెయ్యండి అన్నాడు."

వదిన బల్ల అంచు పట్టుకుంది. మా వదినకి తేడా తెలీదులే. ఆ మాట వాడి గొంతులోనే వినబడింది. నమ్మకుండా ఉండటానికి ఏ సందూ దొరకలేదు. బుధవారం సాయంత్రం వాడు తన వెనకాల నిలబడి, డ్రైవర్ అని, సాఫ్ట్‌వేర్ అని, నువ్వే ఏదో నొక్కేసుంటావని అన్నాడు. అన్నీ తెలిసే అన్నాడు. తను ఒక్కొక్కటీ తీసి వేస్తుంటే పక్కన నిలబడి చూశాడు. ఫ్రేముల కోసం అబద్ధమాడాడంటే అది కుర్రతనం అనుకోవచ్చు. తను పనిమంతురాలిని కాదేమోనని తనే కుంగిపోతుంటే చూస్తూ ఊరుకోవడాన్ని ఏమనాలి?

"మరి నాతో ఎందుకు చెప్పలేదండీ?" అంది చివరికి. "నేను లోపలికి వచ్చాను. డబ్బు నేనే ఇచ్చాను. మీ ఎదురుగానే నిలబడ్డాను. ఒక్క ముక్క నాతో అనొచ్చు కదా."

షాపాయన చెవి వెనక గోక్కున్నాడు. "అంటే... ఆ అబ్బాయి చూసుకుంటున్నాడు కదా అని. కార్డుల సంగతులు మీకేం..." అని, మిగతాది మింగాడు.

"నాకేం తెలుస్తాయని," అని పూర్తిచేసింది వదిన.

ఆయన పెట్టెని తిరిగి ఆమె వైపు జరిపాడు.

"విప్పిన పెట్టె తిరిగి తీసుకోవడం మాకు కుదరదమ్మా," అన్నాడు. "మీ ఇంటి సంగతికి నన్ను బాధ్యుణ్ణి చేస్తే ఎలా?"

ఇంతలో ఒకతను లోపలికి వచ్చాడు. నడివయసు మనిషి, మెడలో కెమెరా సంచీ. ఆటలు ఆడుకోవడానికీ, వీడియోలు చేసుకోవడానికీ తక్కువలో ఏదైనా కార్డు చూపించమన్నాడు. షాపాయన చెయ్యి అలవాటు కొద్దీ అరలో ఉన్న నీలం లైట్ల పెట్టె మీదికే పోయింది.

"అది తీసుకోకండి. దాంట్లో ఎన్‌కోడర్ లేదు," అంది వదిన. అన్నది ఆ మనిషితో, చూసింది షాపాయన వైపు. "నేను కొని, నిన్నంతా పాడుచేసుకున్నాను. గడువు రేపు పొద్దున. అయినా కావాలంటే ఇక్కడే నిలబడి, వచ్చినవాళ్ళందరికీ చెప్తాను. నాకేం తొందర లేదు."

షాపాయన చెయ్యి వెనక్కి వచ్చింది. విప్పిన పెట్టె తీసుకోకపోవడమనే నియమం కాసేపట్లోనే మెత్తబడింది. కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, గీతలేం లేవులే అని తనకి తనే చెప్పుకున్నాడు. పక్క అరలోంచి ఇంకో పెట్టె తీశాడు. లైట్లు లేవు. నల్లగా, పొట్టిగా, పప్పు డబ్బాలా ఉంది.

"మెమరీ దీనికంటే ఎక్కువ. ఎన్‌కోడర్ ఉంది, ఇదిగో చూడండి," అని ఈసారి తెర ఆమె వైపే తిప్పాడు. వదిన వెంట తెచ్చుకున్న పెన్‌డ్రైవ్ ఇచ్చి, అందులోని మోకాలి పాఠం ఆ కార్డున్న అక్కడి కంప్యూటర్లోనే పెట్టించుకుని, ఫైలు తీయించుకుని చూసింది. కెమెరా సంచీ మనిషి కూడా వంగి చూశాడు. వాళ్ళు చూస్తుండగానే అయిపోయింది.

"ఆటలైతే అంత జోరుగా ఆడవమ్మా," అన్నాడు షాపాయన. "ఆడతాయి, కానీ ఫ్రేములు తగ్గుతాయి. ఎందుకైనా మంచిది, ఆ అబ్బాయికి ఒకసారి ఫోన్ చేసి అడుగుతారా?"

వదిన ఆయన ముఖంలోకి చూసింది. ఇంత జరిగాక కూడా ఆ మాట అంత సహజంగా ఎలా వచ్చిందో ఆమెకి అర్థం కాలేదు. ఇంట్లో భోజనాల దగ్గర విన్న మాటే ఇక్కడ ఇంకో గొంతులో వినబడింది.

"కొనేది నేనండీ. నన్నడగండి," అంది.

"సరేనమ్మా. ఇది ప్యాక్ చెయ్యమంటారా?"

"చెయ్యండి."

ఇంటికొచ్చి కార్డు బిగించుకుంది. ఆప్షన్ బూడిదరంగు పోయి, నొక్కగానే పలికింది. మధ్యాహ్నానికి పాఠాలన్నీ ఫైళ్ళయ్యాయి. పెద్దాయన ముఖం చిట్లించడాన్నీ, ఆ తర్వాతి నవ్వునీ కోయకుండా స్టూడియోకి పంపింది. ఆసుపత్రివాళ్ళతో తనే మాట్లాడతానని కూడా రాసింది. మునుపైతే ఆ మాట రాసేది కాదు. కాసేపటికి స్టూడియో ఆయన, రెండో విడత షూటింగ్ ఫైళ్ళు పంపిస్తున్నాను, అవీ మీరే చూడండి అని జవాబిచ్చాడు. ఆమె ఆ కొత్త ఫైళ్ళు దింపుకోవడం మొదలుపెట్టింది.

సాయంత్రం మరిది గుమ్మంలోకి వచ్చాడు. నోటిదాకా వచ్చిన మాట, డబ్బాలో నీలం వెలుగు కనబడకపోయేసరికి ఆగిపోయింది.

"కార్డు మార్చావా?"

"మార్చాను."

"వాడు ఒప్పుకున్నాడా?" అని, ఆమె తల తిప్పకపోవడం చూసి, గొంతు తగ్గించాడు. "ఏమన్నాడు?"

"నువ్వన్నది చెప్పారు. మా వదినకి తేడా తెలీదులే అన్నావటగా."

వాడు సంచీ భుజం మార్చుకున్నాడు. తలుపు గొళ్ళెం పైకీ కిందికీ ఆడించాడు. ఫోన్ జేబులో గుర్రుమంది, జట్టువాళ్ళయుంటారు, తియ్యలేదు. హాల్లోంచి అత్తగారు ఫోన్లో ఎవరితోనో షాపువాడి దొంగతనం గురించి చెప్తున్న మాటలు వినబడుతున్నాయి. భర్త బండి ఆగిన చప్పుడైంది.

"అన్నయ్యకి చెప్పకు వదినా," అన్నాడు మరిది మెల్లగా.

అప్పుడు వచ్చింది వదినకి అసలు కోపం. షాపులో వచ్చింది దీని ముందు ఎందుకూ కొరగాదు. కుర్చీ వాడి వైపు తిప్పింది.

"మీ అన్నయ్యకి ఎందుకు చెప్తానురా? ఆయన్నేం మోసం చేశావు నువ్వు? డబ్బు నాది. పని నాది. నిన్న సాయంత్రమంతా నాకేమీ చేతకాదని ఏడ్చుకున్నది నేను. నువ్వు నా వెనకే నిలబడి చూశావు. నీకు భయం మీ అన్నయ్యంటేనా? నాకు సమాధానం చెప్పాలని నీకు తోచనే లేదా?"

వాడు ఏదో ఒకటి చెప్తాడేమోనని ఆమె చూసింది. సరదాకి అన్నానని గానీ, ఏదో అలా అయిపోయిందని గానీ అంటే వినకూడదనుకుంది. వాడు అవేవీ అనలేదు. ముఖం మాత్రం ఎర్రబడింది. చిన్నప్పుడు దెబ్బలు తిని ఏడవకుండా నిలబడ్డప్పుడు కూడా ఇలాగే ఉండేవాడేమో. ఆమెకి జాలి కలగబోయింది. కలగనివ్వలేదు. మళ్ళీ తెర వైపు తిరిగింది.

వాడు సంచీ నేల మీద పెట్టి హాల్లోకి వెళ్ళాడు.

"ఆ ఫోన్ పెట్టెయ్యమ్మా," అనడం వినబడింది. "షాపాయన్ని తిట్టకు. ఆయన కాదు. నేనే."

"నువ్వేంట్రా?" అన్నారు అత్తగారు. "ఏం జరిగింది?" అన్నాడు అప్పుడే లోపలికి వచ్చిన భర్త.

వదిన ఆ జవాబు కోసం ఆగలేదు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. రెండో విడత మొదటి పాఠం తెరుచుకుంది. ఒక నడివయసు ఆవిడ రబ్బరు బంతిని పిడికిట్లో నొక్కుతోంది. వదిన ఆవిడ వేళ్ళు ఎక్కడ గట్టిగా బిగుసుకుంటున్నాయో చూస్తూ, మొదటి కోత ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటోంది.